ఆ రెండు కన్నాల సైటు పీకెయ్యకండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కొన్నవాళ్ళు దాని మీద మార్క్ 2 బ్యాక్‌సైట్ (గురి చూసే వెనక సైటు) కనపడగానే మొహం చిట్లిస్తారు, ఆ వెంటనే దాన్ని పీకేసి మార్క్ 1 వేసేదాకా నిద్రపోరు. మార్క్ 2 అంటే తెలుసు కదా, ఎల్ ఆకారంలో ఒక ముక్క, రెండు కన్నాలు, ఒకటి 300 గజాలకి, తిప్పితే ఇంకోటి 600 గజాలకి, అంతే. మార్క్ 1 అంటే ఉక్కు దిమ్మ నుంచి మిల్లింగ్ చేసి (మిషన్ మీద చెక్కి) తీసిన లీఫ్, అంటే లేపి పడుకోబెట్టే పలక, పైన స్క్రూ, తిప్పుతుంటే 50 గజాలకో క్లిక్, 200 నుంచి 1300 గజాల దాకా అంకెలు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా మార్క్ 1 కావాలనిపిస్తుంది, అది సహజమే. కానీ ఆ మార్చడం దాదాపు ఎప్పుడూ తప్పే అని నా అభిప్రాయం, ఎందుకో కాస్త విడమరిచి రాద్దామని ఇవాళ కూర్చున్నా.

దీనికి కారణం మా బావ. టెక్సస్‌లో ఉంటాడు, ఈమధ్యే శావేజ్ కంపెనీ చేసిన ఒక నంబర్ 4 కొన్నాడు. మసాచుసెట్స్‌లో చికోపీ ఫాల్స్‌లో తయారైన రైఫిల్, లెండ్-లీజ్ (యుద్ధంలో అమెరికా మిత్రదేశాలకి ఆయుధాలిచ్చిన పథకం) కింద బ్రిటన్‌కి వెళ్ళిన బాపతు, రిసీవర్ (రైఫిల్ నడిమి లోహపు భాగం) మీద యూఎస్ ప్రాపర్టీ అని ముద్ర, విడిభాగాల మీద చిన్న చదరపు ఎస్ గుర్తు. అలాంటివి అక్కడ పది లక్షల పైన చేశారు, అయినా చేతిలోకి వచ్చినప్పుడు ఆ సంతోషం వేరు. రేంజ్‌కి వెళ్ళి 100 గజాల్లో కాల్చాడట, అన్నీ ఐదారు అంగుళాలు పైకి పోయాయట, వెంటనే నాకు ఫోన్. "ఏరా, ఈ చవక సైటు పనికిరాదు, మార్క్ 1 ఆర్డర్ పెట్టేశా" అన్నాడు. ఆర్డర్ పెట్టేశాక చెప్పడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే.

అసలు సంగతేంటంటే ఆ రైఫిల్ చెయ్యాల్సిన పనే చేసింది. వాడు చూసిన కన్నం 300 గజాలకి కట్టింది. .303 మార్క్ 7 రౌండ్, 174 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకి 2440 అడుగుల వేగం, దాన్ని 300 గజాల్లో సరిగ్గా తగిలేలా కడితే 100 గజాల దగ్గర ఐదారు అంగుళాలు పైనుండి తీరాలి. మార్క్ 1 వేసినా దాని కనీస అంకె 200 గజాలే, అప్పుడూ 100 గజాల్లో రెండు మూడు అంగుళాలు పైకే పోతుంది. అంటే బావ డబ్బులు పెట్టి కొన్నది ఆ మూడంగుళాల తేడా, అది కూడా ఫోర్‌సైట్ (ముందున్న సైటు) బ్లేడ్ ఒకటి మారిస్తే వచ్చేది.

సిపాయి వాడింది ఏ కన్నం?

మార్క్ 2ని తిట్టేవాళ్ళు ఒక విషయం వదిలేస్తారు. ఆ గొప్ప మార్క్ 1 లీఫ్ పడుకోబెట్టి ఉంచితే అందులోనూ ఒక పెద్ద కన్నం ఉంటుంది, బ్యాటిల్ సైట్ అంటారు, అదీ 300 గజాలకే. కందకంలోంచి లేచి రోడ్డు దాటి పరిగెత్తేవాడు కనపడితే కాల్చాల్సిన సిపాయి లీఫ్ లేపి, 350 అని స్క్రూ తిప్పి, క్లిక్కులు లెక్కపెట్టుకుంటాడా? ఆ పడుకున్న కన్నంలోంచే చూస్తాడు. అంటే మార్క్ 2 చేసిన పని, సిపాయి నిజంగా వాడే కన్నాన్ని ఉంచేసి, దానికి తోడు 600 గజాలకి ఇంకోటి ఇచ్చి, మిగతా మిల్లింగ్ పని ఆపెయ్యడం. డంకర్క్‌లో చాలా ఆయుధాలు వదిలేసి వచ్చిన సైన్యానికి 1940 తర్వాత రైఫిళ్ళు లక్షల్లో కావాలి, ఫజాకర్లీ, మాల్ట్‌బీ, షిర్లీ ఫ్యాక్టరీల్లో మిల్లింగ్ మిషన్ మీద గడిచే ప్రతి గంటా విలువైనదే, ఆ గంటలు ఎక్కడ మిగల్చాలో ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. నాకైతే అందులో కక్కుర్తి కనపడదు, బుద్ధి కనపడుతుంది.

ఇది కొత్తగా వచ్చిన బుద్ధి కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే కథ. 1907 నాటి ఎస్ఎమ్ఎల్ఈ (నంబర్ 4కి ముందరి లీ-ఎన్‌ఫీల్డ్, తర్వాత నంబర్ 1 అన్నారు) మార్క్ 3 మీద 2000 గజాల దాకా లీఫ్, దానికి పక్కకి జరిపే విండేజ్ స్క్రూ, అది చాలదన్నట్టు ఎడమ పక్కన వాలీ సైట్లు, ఎక్కడో దూరంగా ఉన్న గుంపు మీదకి దళం మొత్తం కలిసి కాల్చడానికి. మిషన్ గన్నులు, ఫిరంగులు వచ్చాక ఆ పని రైఫిల్‌ది కాకుండా పోయింది. 1916 మొదట్లో ఆమోదించిన మార్క్ 3 స్టార్‌లో వాలీ సైట్లు, విండేజ్ స్క్రూ, మ్యాగజైన్ కటాఫ్ (మ్యాగజైన్‌లోంచి తూటా రాకుండా ఆపే పలక) అన్నీ తీసేశారు. జర్మన్లది ఇంకా విచిత్రం. గెవేర్ 98 మీద లాంగె విజీర్ అని ఒంటె మూపురంలాంటి సైటు, చూడ్డానికి భలే ఉంటుంది, కానీ కనీస దూరం 400 మీటర్లు! ఎదుటి కందకం వంద మీటర్ల లోపు ఉన్నచోట ఆ సైటుతో ఏం చెయ్యాలి, మనిషి మోకాళ్ళకి గురిపెట్టి ఛాతీకి తగలాలని దణ్ణం పెట్టుకోవాలి. తర్వాత కార్ 98కె మీద 100 మీటర్ల నుంచి మొదలుపెట్టారు, అప్పటికి గానీ బుద్ధి రాలేదు.

జపాన్ వాళ్ళ టైప్ 99 అయితే ఒకే మోడల్‌లో ఈ రెండు కొసలూ చూపిస్తుంది. మొదట్లో చేసినవాటి లీఫ్‌కి రెండు పక్కలా విప్పుకునే చేతులుండేవి, విమానం మీద గురిపెట్టడానికట, ఎంత ముందుకి కాల్చాలో చూసుకోవడానికి గుర్తులు. బోల్ట్ రైఫిల్‌తో విమానాన్ని! యుద్ధం చివరికొచ్చేసరికి అదే రైఫిల్ మీద కదలని మెదలని ఒక్క కన్నం, 300 మీటర్లకి, అంతే. ఆ చివరి రైఫిళ్ళని చూసి జాలిపడతారు అందరూ. పనితనం మొరటే, ఒప్పుకుంటా. కానీ ఆ ఒక్క కన్నం ఆలోచన ఆ రెక్కల ఆలోచన కంటే నిజానికి దగ్గరగా ఉందనే నేనంటాను.

నా వాదనకి అడ్డం వచ్చేవి

సరే, ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ నన్ను కూడా ఆపే ప్రశ్న ఒకటుంది. రెండు కన్నాలే చాలు అయితే బ్రిటిష్ వాళ్ళే మళ్ళీ మార్క్ 3 సైటు ఎందుకు తెచ్చారు? రేకుని ప్రెస్‌లో కొట్టి చేసినదే, మార్క్ 1 అంత నాజూకు కాదు, అయినా దాని మీద మళ్ళీ 200 నుంచి 1300 అంకెలు వచ్చాయి. యుద్ధం తర్వాత రైఫిళ్ళు ఫ్యాక్టరీకి పూర్తి రిపేరుకి వచ్చినప్పుడు చాలావాటికి మార్క్ 2 తీసేసి మంచివి వేశారు. అంటే వాళ్ళ దృష్టిలోనే అది తాత్కాలికం. దీన్ని దాటేసి పోవడం కుదరదు.

300కి, 600కి మధ్య ఖాళీ ఉందన్నదీ నిజం. 300కి కట్టిన కన్నంతో 400 గజాల్లో ఉన్నవాడిని కాలిస్తే బుల్లెట్ అడుగు పైనే కిందికి దిగుతుంది, 450 గజాలంటే ఇక అంచనా మీద పైకెత్తి కొట్టడమే. మంచి షూటర్‌కి ఇది చిరాకు. స్నైపర్ల సంగతి చూస్తే ఇంకా స్పష్టం, ప్యాటర్న్ 14 (ఇంకో బ్రిటిష్ రకం) రైఫిళ్ళలో వించెస్టర్ చేసిన, సన్నగా సర్దుకునే సైటున్నవే ఏరి పక్కన పెట్టారు. నంబర్ 4 టీ స్నైపర్ మీద కూడా ఉన్నది మార్క్ 1 సైటే. దాని బ్యాటిల్ సైట్ కన్నం ఉన్న భాగాన్ని మాత్రం స్కోపుకి అడ్డమొస్తుందని అరగదీసేశారు. కాబట్టి వాడగలిగే చేతికి అంకెలు కావాలి, దాంట్లో వాదన లేదు.

నేను చాలాసేపు ఆలోచించాక తేలింది ఇది. మార్క్ 3 వచ్చిందంటే అంకెలు అక్కర్లేదని కాదు, అంకెలకి మిల్లింగ్ అక్కర్లేదని తేలిందన్నమాట. రేకుతోనూ చెయ్యొచ్చు. కాబట్టి "మార్క్ 2 మార్క్ 1 కంటే మంచిది" అని నేను అనబోవట్లేదు. నేననేది వేరే. ఒక రైఫిల్ మీద అప్పటికే కూర్చోబెట్టి, కాల్చి చూసి, సరిచేసి పంపిన సైటు ఏదైనా సరే, దాన్ని పీకి ఇంకో రైఫిల్ నుంచి ఊడదీసిన సైటు తగిలిస్తే అది సైటు మార్చడం కాదు, ఆ రైఫిల్‌కి ఒకప్పుడు ఆర్మరర్ (ఆయుధాలు సరిచేసేవాడు) చేసిన పనంతా చెరిపెయ్యడం.

మామయ్య ఫోన్‌లోకి వచ్చాక

బావ వాళ్ళ నాన్న, అంటే మా మేనమామ, పోలీసుల్లో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా ఆయుధాలు దాచే గదిలో, అదే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో .303ల మధ్యే గడిచింది. కొడుకు మార్క్ 1 వచ్చిందని, బిగించానని, ఇప్పుడు ఎడమకి కూడా పోతోందని, గ్రూపు (తూటాలు తగిలిన చోట్ల గుంపు) కూడా చెల్లాచెదురవుతోందని చెప్పేసరికి ఆయన వీడియో కాల్‌లోకి వచ్చాడు, నన్నూ కలిపారు.

మామయ్య మొదటి మాట, "సైటు బొటనవేలితో అటూ ఇటూ నొక్కు." నొక్కాడు. ఫోన్‌లో మాక్కూడా వినపడింది, టిక్కు టిక్కుమని. "ఏం చేశావురా దాన్ని?" కొత్త సైటు రిసీవర్ చెవుల మధ్యలోకి దూరలేదట, బిగుతుగా ఉందట, ఆకురాయి తీసుకుని రెండు పక్కలా అరగదీశాడట, కాస్త ఎక్కువైంది. రిసీవర్‌ని ముట్టుకోలేదు, అదొక్కటీ నయం. "సైటుని కాస్త రాస్తే రాయొచ్చు, ఒక్కో గీతే రాస్తూ పెట్టి చూసుకుంటూ పోవాలి, నువ్వు గోడకి సున్నం కొట్టినట్టు కొట్టావు" అన్నాడు మామయ్య.

ఆ టిక్కు టిక్కు ఎంత తేడా తెస్తుందో లెక్క చూడండి. నంబర్ 4లో బ్యాక్‌సైట్‌కి ఫోర్‌సైట్‌కి మధ్య దూరం దాదాపు 28 అంగుళాలు. వెనక సైటు పక్కకి అంగుళంలో నూరో వంతు ఊగితే 100 గజాల్లో అంగుళంపావు పక్కకి పోతుంది, 300 గజాల్లో నాలుగంగుళాలు. ఒక్కో షాట్‌కి ఒక్కో వైపు ఊగితే గ్రూపు ఏముంటుంది. పైన 50 గజాలకో క్లిక్ ఉండి ఏం లాభం, కింద కుదురు లేనప్పుడు.

ఇంకోటి, నంబర్ 4 బ్యాక్‌సైట్‌లో పక్కకి సర్దే ఏర్పాటు ఏ మార్క్‌లోనూ లేదు. పక్క తేడా మొత్తం ముందున్న ఫోర్‌సైట్‌తోనే సరిచేస్తారు, దాన్ని గాడిలో క్రాంప్ (బిగించి జరిపే పనిముట్టు) పెట్టి జరుపుతారు, సరైన చోటుకి వచ్చాక కదలకుండా సెంటర్ పంచ్‌తో ఒక చుక్క కొడతారు. ఎత్తు తేడాకి బ్లేడ్ మారుస్తారు, బ్లేడ్లు అంగుళంలో వెయ్యింట 15 వంతుల తేడాతో రకరకాల ఎత్తుల్లో వస్తాయి, నంబర్ 4 మీద ఒక్కో మెట్టుకి 100 గజాల్లో రెండంగుళాలు కాస్త తక్కువగా మారుతుంది. పాత ఎస్ఎమ్ఎల్ఈలో అయితే బ్యాక్‌సైట్ బ్యారెల్ మీదే ఉంటుంది, రెండు సైట్ల మధ్య దూరం 19 అంగుళాల చిల్లరే, అక్కడ అదే మెట్టుకి మూడంగుళాలకి దగ్గరగా జరుగుతుంది. బుల్లెట్ ఎటు పోతే ఫోర్‌సైట్ అటే జరపాలి, పైకి పోతే ఎత్తైన బ్లేడ్ వెయ్యాలి, కొత్తవాళ్ళు ఇది తిరగేసి చేస్తారని మామయ్య ఎప్పుడూ అంటుంటాడు. బావ రైఫిల్‌కి ఆ ఫోర్‌సైట్, ఆ బ్లేడ్, ఆ పంచ్ చుక్క అన్నీ ఎప్పుడో ఎవరో మార్క్ 2ని పెట్టుకుని కట్టినవి. వెనక ఇంకో సైటు వచ్చి కూర్చుంటే ముందున్న చుక్కకి అర్థం లేకుండా పోయింది.

మామయ్య తీయించి మళ్ళీ పాతదే వేయించాడు. ముందు సైటు తిరిగే ఇరుసు, అంటే యాక్సిస్ పిన్‌ని పట్టి ఉంచే చిన్న అడ్డ పిన్ కొట్టి తీయాలి, అది తీయకుండా పెద్ద పిన్‌ని బాదితే పాడైపోతుంది, "సుత్తి పక్కన పెట్టు, ముందు కళ్ళు పెట్టు" అని రెండు మూడుసార్లు ఆపాడు. తర్వాత యాక్సిస్ పిన్, అది వచ్చేటప్పుడు కిందున్న ప్లంజర్, స్ప్రింగ్ ఎగిరి పోకుండా వేలు అడ్డం పెట్టించాడు. ఆ స్ప్రింగ్ బలంతోనే సైటు నిలబెడితే నిలబడి, పడుకోబెడితే పడుకుంటుంది, అది నీరసపడితే ఎంత మంచి సైటైనా కాల్చగానే వెనక్కి తన్నే రీకాయిల్‌కి తలూపుతుంది. పాత మార్క్ 2 పెట్టి నొక్కితే చప్పుడు లేదు. మళ్ళీ రేంజ్‌కి వెళ్ళాడు, పక్క తేడా పోయింది, గ్రూపు దగ్గరికొచ్చింది. పైకి పోయేదానికి ఒక ఎత్తైన బ్లేడ్ తెప్పించుకోమన్నాడు మామయ్య, పాత బ్లేడ్ మాత్రం చిన్న కవర్లో వేసి రైఫిల్‌తోనే ఉంచమని.

లీఫ్ కింద నంబర్

మామయ్య చెప్పిన పాత సంగతి ఒకటి నా మనసులో బాగా దిగబడిపోయింది. ఒక కొత్త కానిస్టేబుల్ ఫైరింగ్‌లో అన్నీ కుడికే కొట్టేవాడట. రీకాయిల్‌కి భయపడుతున్నాడు, భుజం గుంజుతున్నాడు, ట్రిగ్గర్ లాగుతున్నాడు, ఎవరికి తోచింది వాళ్ళన్నారు. ఆడలేక మద్దెల ఓడంటున్నాడని కూడా అన్నారట, ఆ కుర్రాడు రైఫిల్‌లోనే ఏదో ఉందని గొణిగినందుకు. మామయ్య ఆ రైఫిల్ తీసుకుని బ్యాక్‌సైట్ లీఫ్ ఎత్తి కింద వైపు చూశాడు. పాత నంబర్ 1 రైఫిళ్ళలో రిసీవర్ మీద, బోల్ట్ మీద ఉన్న నంబరే లీఫ్ అడుగున కూడా కొట్టి ఉంటుంది. ఇందులో లీఫ్ నంబర్ వేరు, ముందు కొసన ఉండే నోస్‌క్యాప్ నంబర్ ఇంకా వేరు. ఎప్పుడో రిపేర్లో మూడు రైఫిళ్ళు విప్పి రెండు చేసినట్టున్నారు. ఫోర్‌సైట్ దగ్గర పంచ్ చుక్క లేదు, అంటే అన్నీ కలిపాక ఎవరూ కాల్చి చూడలేదు. ఫోర్‌సైట్ కుడికి జరిపి, కాల్చి, మళ్ళీ కాస్త జరిపి, చుక్క కొట్టి ఇచ్చాడు. ఆ తర్వాత ఆ కుర్రాడి భుజం గురించి ఎవరూ మాట్లాడలేదు.

లీఫ్ అడుగున నంబర్ కొట్టడం ఎందుకో ఆలోచించండి. అదొక విడిభాగం మాత్రమే అయితే బస్తాలో వేసి ఏదంటే అది తీసి వాడుకోవచ్చు. నంబర్ కొట్టారంటే ఇది ఈ బ్యారెల్‌తో కలిసి కట్టింది, విడదీస్తే మళ్ళీ కట్టాలి అని. యుద్ధకాలంలో ఎంత హడావుడిలో చేసినా రైఫిల్ ఫ్యాక్టరీ దాటే ముందు కాల్చి చూడకుండా పంపలేదు. సైటు చవకదైనా ఆ పని చవకది కాదు.

మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ళు 1962 చైనా యుద్ధం తర్వాత అదే నంబర్ 1 రూపాన్ని 7.62 తూటాకి మార్చి 2ఎ చేశారు కదా. మొదట పాత 2000 అంకెల లీఫే ఉంచారు, తర్వాత 2ఎ1లో దాన్ని 800 చేశారు, అదీ మీటర్లలో. మంచి పని. 7.62 బుల్లెట్ దారి వేరు, .303 దారి వేరు, పైకి ఒకేలా ఉన్నాయని ఒకదాని లీఫ్ తీసి ఇంకోదానికి వేస్తే అది బిగుస్తుంది, అంకెలు మాత్రం అబద్ధం చెప్తాయి. రష్యన్ మోసిన్‌ల పాత సైట్లు అయితే మీటర్లే కాదు, అర్షిన్లు, ఒక్కో అర్షిన్ 71 సెంటీమీటర్లు, 800 అని పెట్టుకుంటే అది నిజానికి 570 మీటర్ల లోపే. ఫిన్లాండ్ వాళ్ళు తమ చేతికి వచ్చిన మోసిన్‌ల మీద మీటర్ల అంకెలు మళ్ళీ కొట్టుకున్నారు. విడిభాగాల అంగట్లో దొరికే లీఫ్ మీద ఏ కొలతో ఎవరూ రాసి పెట్టరు.

డిజైన్ ఎంత గొప్పదైనా కూర్చోవడం రాకపోతే ఏమవుతుందో అమెరికన్ రైఫిల్ గరాండ్ చూపించింది. ఎమ్1 గరాండ్ బ్యాక్‌సైట్ ఆ యుద్ధంలో అన్నిటికంటే మంచిదని నేనే అంటాను, ఎత్తుకీ పక్కకీ రెండు నాబ్‌లు, క్లిక్కులు, కాల్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి. అయితే మొదటి రకంలో పట్టి ఉంచే నట్ వదులైతే ఎలివేషన్ (ఎత్తు సర్దుబాటు) దానంతటదే కిందికి జారిపోయేది. యుద్ధం నడుస్తుండగానే లాక్ బార్ తెచ్చారు, సైటు సర్దుకోవాలంటే ముందు దాన్ని వదులు చేసి, సర్దాక మళ్ళీ బిగించాలి. యుద్ధం అయ్యాక టీ105 అనే కొత్త సైటు వచ్చాక గానీ ఆ బాధ పూర్తిగా తీరలేదు. బురదలో, చీకట్లో, సైటు ఎక్కడుందో తెలియని సిపాయికి కదలని రెండు కన్నాలు దొరికితే కళ్ళకద్దుకుని ఉండేవాడని నా నమ్మకం.

అందుకే అడుగుతున్నా, మీ దగ్గరికి గానీ మీ వాళ్ళ దగ్గరికి గానీ అమెరికాలో, కెనడాలో, ఆస్ట్రేలియాలో ఇలాంటి రైఫిల్ వస్తే ముందు బొటనవేలితో సైటు నొక్కి చూడండి. ఊగకపోతే దాన్ని వదిలెయ్యండి. ఫోర్‌సైట్ దగ్గర పంచ్ చుక్క ఉందా, అది జరిగిన గుర్తుందా చూడండి. 100 గజాల్లో పైకి పోతే అది 300కి కట్టిందని గుర్తుపెట్టుకోండి, లేదా బ్లేడ్ మార్చుకోండి, బ్లేడ్ మళ్ళీ పెట్టుకోవచ్చు. ఏ కారణంతోనైనా బ్యాక్‌సైట్ మార్చక తప్పకపోతే పాతది అమ్మకండి. బావ చెప్పడం, అక్కడ గన్ షోల్లో ఈ మార్క్ 2లు డబ్బాల్లో కలగాపులగంగా పోసి అమ్ముతుంటారట, ఏది ఏ రైఫిల్‌దో ఇక ఎవరూ చెప్పలేరు. మీది ఆ డబ్బాలోకి పోనివ్వకండి, ఒక కాగితం మీద ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో రాసి, దాని పిన్‌తో సహా ఆ రైఫిల్ పెట్టెలోనే పెట్టండి, మీ తర్వాత కొనేవాడికి అది కావాలి.